మూడో నంబరు స్విచ్చుపై శాఖాపరమైన విచారణ

మా శాఖలో పనిచేయని మనిషిని ఏం చేయాలో చెప్పడానికి నూట ఎనభై పేజీల నిబంధనల పుస్తకం ఉంది. పనిచేయని వస్తువును ఏం చేయాలో చెప్పడానికి మాత్రం మొన్నమొన్నటిదాకా ఒక్క వాక్యం కూడా లేదు. వస్తువు పోతే ఎవరో ఒకరు దాన్ని తీసి అవతల పారేసి కొత్తది పెట్టేవారు. ఇంత అరాచకం ఇన్నేళ్లు ఎలా సాగిందో తలుచుకుంటే ఇప్పుడు నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ అరాచకానికి స్వస్తి చెప్పింది సర్క్యులర్ నంబరు నలభై ఏడు. ఎక్కడో ఒక పంపుహౌస్‌లో కంగారుపడి చెడిపోయిన స్విచ్చును ఉంచేసి, బాగున్న స్విచ్చును పీకేశారట. మోటారు కాలిపోయింది. మోటారు సంగతి ఎలా ఉన్నా, ఒక నిర్దోషికి అన్యాయం జరిగిందని పెద్దాఫీసు తీవ్రంగా కలత చెందింది. ఇకముందు ఇలా జరక్కుండా నిబంధనలు రాయమంటే సాంకేతిక విభాగం వాళ్లు తీరిక లేదన్నారు. ఎప్పుడూ తీరికగానే ఉండే సిబ్బంది వ్యవహారాల విభాగం ఆ భారం నెత్తినేసుకుంది. వాళ్లకు స్విచ్చంటే ఏమిటో తెలియదు గానీ, పనిచేయనివాణ్ణి ఏం చేయాలో కంఠతా వచ్చు. అందుచేత ఆ నూట ఎనభై పేజీల పుస్తకంలో "ఉద్యోగి" అని ఉన్నచోటల్లా "స్విచ్చు" అని మార్చి, పైన నంబరు వేసి, కింద సంతకం పెట్టి మాకు పంపారు.

నేను రాతిగుంటపాడు ఎత్తిపోతల పథకానికి అసిస్టెంట్ ఇంజనీరును. పేరు హైమావతి. వచ్చిన ప్రతి సర్క్యులరూ ఆసాంతం చదవడం నా బలహీనత. మా శాఖలో ఈ జబ్బు ఇంకెవరికీ ఉన్నట్టు లేదు.

మా పథకం చిన్నది. కాలవలోంచి నీళ్లు తోడి గట్టు మీది పదకొండు వందల ఎకరాలకు ఎత్తిపోసే మోటారు ఒకటి, దాన్ని నడిపించే ఇనప పెట్టె ఒకటి. ఆ పెట్టెను రైతులు బీరువా అంటారు. మేమూ అంతే. బీరువాలో సబ్బుబిళ్లంత ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆరున్నాయి. అవి క్షణానికి కొన్ని వేలసార్లు పడుతూ లేస్తూ, మోటారుకు వెళ్లే మూడు తీగల్లోని కరెంటును అలలుగా మలుస్తాయి. తీగకు రెండు స్విచ్చులు. అలలో పై సగం ఒకదాని పూచీ, కింది సగం రెండోదాని పూచీ.

ఆ మంగళవారం పొద్దున మోటారు ముందు మూలిగింది, తర్వాత నిలువెల్లా వణికింది, ఆ తర్వాత ఆగిపోయింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆపరేటర్ యోబు బీరువా తెర ముందు నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ మోటారుతో కాపురం చేస్తున్నాడు. దాని దగ్గు విని జబ్బు చెబుతాడు.

"చూడండి మేడమ్. రెండో తీగ అలకి పై సగమే లేదు. కింద సగం బానే ఉంది. అంటే మూడో నంబరు స్విచ్చు పోయింది, ఇంకేం లేదు" అన్నాడు.

మీటరు పెట్టి చూశాను. మూడోదే. లోపం ఉందని కనిపెట్టడానికి నాలుగు నిమిషాలు, ఎక్కడుందో తేల్చడానికి ఆరు నిమిషాలు పట్టింది. స్టోరులో కొత్త స్విచ్చు ఒకటి పెట్టె విప్పకుండా ఉంది. మార్చడానికి అరగంట చాలు. యోబు అప్పటికే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగు యోబూ. సర్క్యులర్ ఉంది" అన్నాను.

ఆ మాట అన్నందుకు నేను తర్వాత తొమ్మిది రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. వరి అప్పుడే పొట్టకొస్తోంది. పొట్ట మీదున్న పైరుకు నీళ్లు ఆగితే వచ్చేవి తాలుగింజలే. యోబుకు సరిగ్గా పంపు నీళ్లు పడే తొట్టి కిందే రెండెకరాలుంది. అతని ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ మడిలోనే ఉంది. బాగా ఓర్చుకుంటే పైరు పది రోజులు ఆగుతుందని అతనే లెక్కగట్టి చెప్పాడు.

"పది రోజులు చాలా ఎక్కువ. రెండు రోజుల్లో అనుమతి వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పాను. అప్పటికి నాకు సర్వీసు నాలుగేళ్లే.

బుధవారం నా నివేదిక పెద్దాఫీసు చేరింది. గురువారం విచారణాధికారి జీపు దిగారు. పేరు చిదంబరరావు గారు. తన జీవితంలో నూట పన్నెండు విచారణలు చేసిన మనిషి. ఒక్కదాన్నీ తొందరపడి ముగించిన పాపాన పోలేదు. జీపులోంచి ముందు ఫైళ్లు దిగాయి, తర్వాత ఆయన దిగారు.

"ఆరోపిత స్విచ్చు ఎక్కడ?" అని అడిగారు.

"బీరువాలోనండి. పై వరసలో మధ్యన ఉన్నదే, చెడిపోయిన..."

"అమ్మా! నిర్ధారణ కాకముందే చెడిపోయిన అనడం పక్షపాతం. పైగా అది వింటోంది" అని ఆయన గొంతు తగ్గించారు.

బీరువా తలుపు తీయించి, కళ్లజోడు సవరించుకుని, నిలబడి నోటీసు చదివారు. "రెండవ తీగయందలి ఊర్ధ్వ విభాగ బాధ్యతలు నిర్వర్తించుచున్న మీరు, కరెంటును పోనివ్వవలసిన సమయాలలో పోనివ్వక, తద్వారా మోటారు యొక్క వణుకుకు కారణభూతులైనట్లు ప్రాథమికంగా తెలియవచ్చుచున్నది. మిమ్మల్ని ఎందుకు తొలగించరాదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసినది." చదివాక ఇంకుపెన్ను మూత తీసి, స్విచ్చు ముందు పట్టుకుని, సంతకం కోసం కాసేపు నిజంగానే ఎదురుచూశారు.

ఎంతసేపటికీ సంతకం పడలేదు. "నోటీసు అందుకొనుటకు నిరాకరించినది" అని రాసి, నన్నూ యోబునూ సాక్షి సంతకాలు పెట్టమని, కాగితాన్ని బీరువాకు అంటించారు. అంటించడానికి గోరంత మైదాపిండి జిగురు కూడా వెంట తెచ్చుకున్నారు. ఆ తయారీ చూసి నాకు గౌరవం కలిగింది.

"విచారణ ముగిసే వరకు ఈ స్విచ్చును సస్పెండు చేయడమైనది" అన్నారు.

యోబు ముఖం వెలిగింది. "అయితే తీసి పక్కన పెట్టేదా సార్?"

"తీయడమా? సస్పెన్షనులో ఉన్న స్విచ్చు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు. దాని హెడ్‌క్వార్టర్స్ ఆ బీరువాలోని పై వరస మధ్య స్థానం. అక్కణ్ణుంచి అంగుళం కదిల్తే మీరిద్దరూ బాధ్యులు. అన్నట్టు, సస్పెన్షను కాలంలో జీవనభృతి సగం ఇవ్వాలి. దానికి రోజూ సగం ఓల్టేజీ అందేలా చూడండి."

"తియ్యకుండా సస్పెండు జేస్తే నీళ్లెట్టా వస్తాయి సార్?"

"నీళ్లు ఈ విచారణ పరిధిలోకి రావు" అన్నారు చిదంబరరావు గారు. ఆ మాట ఆయన ఎంత మర్యాదగా అన్నారంటే, యోబుకు కోపం తెచ్చుకునే సందు కూడా దొరకలేదు.

మూడు రోజుల గడువు ముగిసింది. సంజాయిషీ రాలేదు. ఆదివారం సాయంత్రం ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆరోపిత స్విచ్చు తన వాదన వినిపించుకోడానికి అదే కార్యాలయంలోని సహోద్యోగి సాయం ఇవ్వాలని నిబంధన. నేను నేరం మోపినదాన్ని కాబట్టి పనికిరాను. మిగిలింది యోబు ఒక్కడే. అలా తన పైరును ఎండబెడుతున్న స్విచ్చుకు యోబే వకీలయ్యాడు.

ఆ కబురు ఇంటికి చేరగానే అతని భార్య సలోమి పంపుహౌస్ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆమె గొంతు మోటారు లేని లోటు తీర్చింది.

"పొలాన్ని నిలువునా ఎండబెట్టిన దాని తరపున వకాల్తా పుచ్చుకున్నావా? సిగ్గులేదూ నీకు?"

"నేను ఓడిపోడానికే ఒప్పుకున్నా. రేపు పొద్దున మొదటి మాటతోనే ఓడిపోతా చూడు" అన్నాడు యోబు గొంతు దించి.

పాపం, అతను చేయగలిగిందంతా చేశాడు. సోమవారం పొద్దున విచారణ మొదలవగానే లేచి, "సార్, నా కక్షిదారుదే తప్పు. ఒప్పేసుకుంటన్నాం" అన్నాడు.

"ఒప్పుకోలు స్వచ్ఛందమేనా?" అని చిదంబరరావు గారు స్విచ్చునే సూటిగా అడిగారు. అది మాట్లాడలేదు. "చూశారా, దానికి ఇష్టం లేదు. మీరు ఒత్తిడి తెచ్చినట్టు అనిపిస్తోంది. ఒప్పుకోలును తోసిపుచ్చుతున్నాను" అన్నారు.

మంగళవారం సాక్షుల విచారణ. తోటి స్విచ్చులు ఐదింటినీ పేరుపేరునా పిలిచారు. పిలిచిన ప్రతిసారీ యోబు "హాజరు" అని బీరువా చాటునుంచి పలికాడు. బుధవారం ప్రత్యక్ష పరిశీలన. ఆరు స్విచ్చుల నడవడిని స్వయంగా చూడాలి కాబట్టి మోటారును రెండు నిమిషాలు నడపమన్నారు. వద్దండీ, మిగతావాటికీ ప్రమాదం అన్నాను. వినలేదు. నడిపాం. మోటారు చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. బీరువాలో అలారాలు మోగాయి. తెర మీద ఒక్కో స్విచ్చు వేడీ కనిపించింది. ఒకటోది డెబ్బై డిగ్రీలు, రెండోది అరవై ఎనిమిది, నాలుగోది డెబ్బై మూడు, తక్కినవీ అంతే. మూడోది మాత్రం ముప్ఫై నాలుగు. అంటే గదిలో ఉన్న వేడి ఎంతో అంతే.

చిదంబరరావు గారు తెర వంక చాలాసేపు చూశారు. ఆయన కళ్లల్లో ఏదో కరిగింది.

"అమ్మా హైమావతీ, ఇంత గందరగోళంలోనూ ఈ మూడో స్విచ్చు ఎంత నిబ్బరంగా ఉందో గమనించారా?"

"అది పనిచేయడం లేదండి. అందుకే వేడెక్కలేదు."

"అలారాలు మోగించిందా?"

"లేదండి."

"కరెంటు వృథా చేసిందా?"

"దానిలోంచి కరెంటు పోదండి."

"ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇంత మచ్చలేని రికార్డు నేను చూడలేదు. మిగతా ఐదూ చూడండి, ఆవేశం, అలారాలు, అరుపులు! ఐదూ కూడబలుక్కుని ఒక నెమ్మదస్తుణ్ణి ఇరికించాలని చూసినట్టు స్పష్టంగా తెలుస్తోంది."

ఆ రాత్రి బసలో కూర్చుని ఆయన తీర్పు ముసాయిదా రాసుకొచ్చారు. గురువారం పొద్దున మా ఇద్దరికీ చదివి వినిపించారు. మూడో నంబరు స్విచ్చు నిర్దోషి. మిగతా ఐదింటినీ తక్షణం తొలగించాలి. ఆ ఐదు స్థానాల అదనపు బాధ్యతలనూ మూడో నంబరుకే అప్పగించాలి. నమ్మకమైన స్విచ్చు ఒక్కటుంటే చాలునని చివర్లో ఒక సూక్తి కూడా ఉంది.

యోబు కుర్చీలో కూలబడ్డాడు. ఐదు కొత్త స్విచ్చులు తెప్పించాలంటే మూడు నెలలు. నాకు ఏడుపొచ్చింది. చిదంబరరావు గారి మీద కోపంతో వచ్చిన ఏడుపు కాదది. ఆ మంగళవారం అరగంటలో అయిపోయే పనికి అడ్డుపడింది నేనే. ఆ రోజు ఆ కాగితం నేను చదివి ఉండకపోతే ఈపాటికి పదకొండు వందల ఎకరాల్లో నీళ్లుండేవి.

సరిగ్గా అప్పుడే సలోమి వచ్చింది. ఒక చేతిలో వేళ్లతో సహా పీకిన వరిదుబ్బు, రెండో చేతిలో ఎండిన మట్టిపెళ్ల. రెండూ తెచ్చి చిదంబరరావు గారి ముసాయిదా మీద పెట్టింది.

"చూడయ్యా! నెర్రెల్లో నా చెయ్యి మణికట్టుదాకా దిగిపోతంది. తొమ్మిది రోజులైంది. ఇంకా ఏం ఇచారిస్తన్నారు మీరు?"

"అమ్మా, ఇది న్యాయప్రక్రియ. స్విచ్చుకు తన వాదన చెప్పుకునే హక్కు..."

"అది చచ్చిపోయిందయ్యా! చచ్చినోళ్ల మీద ఇచారణేంది? మా ఊళ్లో ఎవురైనా పోతే పాడె కడతారుగానీ నోటీసులియ్యరు!"

చిదంబరరావు గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"మరణించిందా? ఎప్పుడు?" అన్నారు యోబు వంక తిరిగి.

యోబు ఒక్క క్షణం పెళ్లాం ముఖంలోకి చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "పోయిన వారం మంగళవారం పొద్దున తొమ్మిదింపావుకి సార్. డ్యూటీలో ఉండగానే పోయింది. నేను పక్కనే ఉన్నా."

"అంటే పోయిన గురువారం నేను నోటీసిచ్చింది..."

"శవానికి సార్."

"సస్పెండు చేసింది?"

"శవాన్నే సార్. రోజూ సగం ఓల్టేజీ కూడా పెట్టాం. ముట్టలేదు."

నూట పన్నెండు విచారణలు చేసిన మనిషి వణికిపోయారు. మరణించిన స్విచ్చుపై విచారణ జరిపిన అధికారిపైనే విచారణ జరపాలని పుస్తకంలో నూట నలభై రెండో పేజీలో ఉంది. ఆయన అడక్కముందే నేను ఆ పేజీ తీసి చూపించాను. యోబు మీటరు తెచ్చి దాని రెండు తీగలూ స్విచ్చుకు ఆనించి, తల అడ్డంగా ఊపాడు. చిదంబరరావు గారు వాచీ చూసుకుని మరణ ధ్రువీకరణ పత్రం రాశారు. ఆరోపిత స్విచ్చు మరణించినందున ఈ ఫైలు, ఇందులోని సమస్త ఆరోపణలు, సాక్ష్యాలు, ముసాయిదాలు ఇంతటితో ముగిసినవని రాసి, మిగతా ఐదింటికీ ఊపిరి పోశారు.

"ఖాళీ అయిన స్థానం నింపాలంటే ప్రకటన ఇవ్వాలి. దరఖాస్తులు పిలవాలి. ఆరు నెలలు..." అని గొణిగారు.

"మా బావ లైన్‌మెన్‌గా చేస్తా స్తంభం మీదే పోతే మా అక్క కొడుక్కి ఉద్యోగమిచ్చారు గదయ్యా. డ్యూటీలో పోయింది గదా ఇదీ. దీనికి మాత్రం అయినవాళ్లెవురూ లేరా?" అంది సలోమి.

కారుణ్య నియామకం! నాకు తట్టనే లేదు. యోబు ఒక్క పరుగున స్టోరుకెళ్లి కొత్త స్విచ్చు పెట్టె పట్టుకొచ్చాడు. అదే కంపెనీ, ఒకే వరస నంబర్లు. పెట్టె మీది చీటీ కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కింద సరిపోయింది.

"స్వయానా తోబుట్టువు సార్. అన్న సంపాదన మీదే బతుకుతా ఉంది. స్టోరులో ఓ మూల పడుంది పాపం" అన్నాడు యోబు. గొంతు వణికింది. అది నటనో నిజమో నేనిప్పటికీ చెప్పలేను.

"వయసు?"

"రెండేళ్లు సార్."

"మైనరు!" అని చిదంబరరావు గారు కలం కింద పెట్టేశారు.

నాలుగేళ్ల నా జబ్బు అప్పుడు పనికొచ్చింది. "అధ్యాయం పందొమ్మిది, నిబంధన ఆరండి. కారుణ్య నియామకాల్లో వయోపరిమితిని సడలించే అధికారం మీకుంది."

"అది పై వయసుకు కదమ్మా సడలింపు?"

"పైకో కిందికో అందులో రాయలేదండి."

ఆయన పుస్తకం తీసి మూడుసార్లు చదువుకున్నారు. రాయలేదు. కలం చేతిలోకి తీసుకున్నారు.

నియామకపు ఉత్తర్వు చేతికొచ్చాక కూడా యోబు స్క్రూడ్రైవరు ఎత్తలేకపోయాడు. మృత స్విచ్చుకు సంతాప సభ జరపనిదే స్థానంలోంచి కదపడానికి వీల్లేదు. చిదంబరరావు గారు లేచి, మూడో నంబరు స్విచ్చు నెమ్మదితనాన్నీ నిగర్వాన్నీ కొనియాడుతూ మాట్లాడి, తనే కళ్లు తుడుచుకున్నారు. అందరం రెండు నిమిషాలు మౌనం పాటించాం. సలోమి తలొంచుకుని పమిట నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆమె ఏడుస్తోందనుకుని చిదంబరరావు గారు ఆమెను ఓదార్చి జీపెక్కారు.

జీపు మలుపు తిరిగిన అరగంటకు మోటారు తిరిగింది. మూలుగు లేదు, వణుకు లేదు. తెర మీద మూడు తీగల్లోనూ మూడు నిండు అలలు. యోబు కాసేపు వాటినే చూసి, పార పట్టుకుని పొలం వైపు పరుగెత్తాడు. నేనూ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంబడి వెళ్లాను. మేం వెళ్లేసరికి తొట్టిలో నీళ్లు హోరున పడుతున్నాయి. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే నేల బుడగలు కక్కుతోంది. చుట్టుపక్కల మడుల వాళ్లంతా కేకలేసుకుంటూ వచ్చి గట్ల మీద చేరారు. సలోమి మడి మధ్యలో నిలబడి నవ్వుతోంది. నాకూ నవ్వాగలేదు.

అప్పుడు నా ఫోను మోగింది. పెద్దాఫీసు నుంచి చీఫ్ ఇంజనీరు గారు.

"ఏమ్మా హైమావతీ, చిదంబరరావు దారిలోంచి ఫోను చేసి అంతా చెప్పాడు. చాలా విచారకరం. సరే, ముఖ్యమైన సంగతి. కొత్తగా నియమితమైన ఏ స్విచ్చునైనా అరవై రోజుల ప్రాథమిక శిక్షణ పూర్తికానిదే విధుల్లోకి తీసుకోరాదు. అధ్యాయం ఇరవై రెండు. రేపు పొద్దున్నే దాన్ని శిక్షణ సంస్థకు పంపించెయ్. ఈలోగా మోటారు గానీ నడపలేదు కదా?"

నేను నీళ్ల వంక చూశాను. యోబు పార ఆపి నా వంక చూశాడు. మాటలు వినపడకపోయినా నా ముఖం చూసి అతనికి అర్థమైనట్టుంది. చేతిలోని పార జారి బురదలో పడింది. అంతవరకు నా సర్వీసులో ఏ పై అధికారికీ నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

"లేదండి, ఎలా నడుపుతామండి?" అన్నాను.

"మరి ఏమిటమ్మా ఆ హోరు?"

"సంతాప సభ ఇంకా సాగుతోందండి. ఆయకట్టు రైతులంతా వచ్చారు. దుఃఖం ఆపుకోలేకపోతున్నారు. సభ ముగిసేదాకా మృతుల కుటుంబ సభ్యులను స్థానం నుంచి కదపకూడదని అధ్యాయం పదకొండులో ఉందండి."

"నిజమే, ఉంది" అన్నారు చీఫ్ గారు. గొంతు మెత్తబడింది. "నిబంధన అంటే నిబంధనే. సభ ముగిశాకే పంపించు. ఎప్పటికి ముగుస్తుందంటావ్?"

యోబు మడి వంక చూశాను. పొట్ట ఇంకా విచ్చుకోలేదు. వెన్ను రావాలి, గింజ పాలుపోసుకోవాలి, గట్టిపడాలి.

"వీళ్ల వాలకం చూస్తే కోతలకు ముందు ముగిసేలా లేదండి" అన్నాను.

అటువైపు నుంచి మాట లేదు. పట్టుబడిపోయాననుకున్నాను. కానీ ఫోను కట్ కాలేదు, కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినపడింది. చీఫ్ గారు లేచి నిలబడి, అక్కణ్ణుంచే మౌనం పాటిస్తున్నారు. నిబంధన ప్రకారం రెండు నిమిషాలు పాటించారు. ఆ రెండు నిమిషాల్లో నీళ్లు యోబు పై మడి గట్టు దాటి కింది మడిలోకి దిగాయి.